మొక్కకో బైపాస్ దారి

అచ్చంపేట ప్రాంతంలో వాన ముఖం చాటేస్తే మిట్టమధ్యాహ్నం వేరుశనగ ఆకులు ముడుచుకుంటాయి. రైతుకు కనిపించేది అంతవరకే. అసలు గలాటా లోపల, మైటోకాండ్రియాలో!

నీళ్లు పోకుండా పత్రరంధ్రాలు మూసుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ రాక తగ్గుతుంది, ఎండ మాత్రం తగ్గదు. ఆకులో చేరిన శక్తికి ఖర్చయ్యే దారి ఉండదు. మామూలుగా మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ ప్రయాణంలోనే ఏటీపీ తయారవుతుంది. దారి కిక్కిరిస్తే కొన్ని పక్కకు జారి, కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రకాలను పుట్టిస్తాయి.

అప్పుడు మొక్క బైపాస్ తెరుస్తుంది. పేరు ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్. ఈ ఎంజైమ్ ఎలక్ట్రాన్లను అడ్డదారిన ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. ఏటీపీ కావాల్సిన శక్తిలో చాలావరకు వేడిగా పోతుంది. కరవులో ఇంత దుబారానా అనిపిస్తుంది గానీ, ప్రాణం నిలవాలంటే తప్పదు. మనిషికి ఈ సదుపాయం లేదు.

ఈ ఎంజైమ్ జన్యువు ఉండేది కేంద్రకంలో. మరి కబురు మోసేదెవరు? 2013లో అరబిడాప్సిస్ మొక్కలో ఆ గుట్టు తెలిసింది. ఏఎన్‌ఏసీ017 అనే ప్రొటీన్ కణంలోని ఓ పొరకు కట్టుబడి ఉంటుంది. ఆపద రాగానే తెగి, కేంద్రకానికి పరుగెత్తి జన్యువును లేపుతుంది.

అంతకుముందే, 1990లలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర, కె. పద్మశ్రీ బఠాణీ ఆకు కణాల్లో ఈ బైపాస్‌ను మూసి చూశారు. కిరణజన్య సంయోగక్రియ కూడా మందగించింది.