చెప్పులు, పూలు... మధ్యలో ఖాకీ

2019 నవంబరు 30న షాద్‌నగర్ పోలీస్ స్టేషన్ ముందు జనం పెద్దయెత్తున పోగయ్యారు. శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం రెండు తెలుగు రాష్ట్రాలనూ కుదిపేసిన రోజులవి. కూతురు కనిపించడం లేదంటూ ఆ రాత్రి పరుగెత్తుకెళ్లిన కుటుంబానికి 'ఇది మా పరిధిలోకి రాదు' అన్న జవాబు ఎదురైందని తెలిశాక కోపం కట్టలు తెంచుకుంది. పోలీసుల మీదికి చెప్పులు విసిరారు. వారం తిరక్కముందే, డిసెంబరు 6న, చటాన్‌పల్లి వంతెన దగ్గర పోలీసుల మీద పూలవాన కురిసింది. నిందితులు నలుగురూ తెల్లవారుజామున ఎన్‌కౌంటర్‌లో చనిపోయారన్న కబురు అందుకు కారణం. ఆడపడుచులు పోలీసుల చేతికి రాఖీలు కట్టారు, మిఠాయిలు తినిపించారు.

ఆ తర్వాతి సంగతి చాలామందికి గుర్తు లేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని అది చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. చెప్పులు విసిరిన రోజునా, పూలు చల్లిన రోజునా అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రాత్రివేళ స్టేషన్లో ఎందరు ఉంటారు? పరిధి పేరు చెప్పి ఫిర్యాదును తిప్పి పంపే అలవాటు ఎలా పాతుకుపోయింది? పోలీసుల కస్టడీలో ఉన్నవాళ్లు పది రోజులు తిరక్కముందే పోలీసుల తూటాలకే ఎలా చనిపోయారు? ఆ వారం రోజుల ఆవేశంలో ఈ ప్రశ్నలకు చోటు దొరకలేదు.

యూనిఫాం వేసుకున్న మనిషిని అయితే నెత్తిన పెట్టుకోవడం, లేకుంటే కాలరాయడం. ఈ రెండు కొసల మధ్య ఉండాల్సిన నడిమి దారి సమాజంలో చాలా సన్నగా ఉంది. అన్నం తినని పిల్లాడికి 'పోలీసోడికి పట్టిస్తా' అన్న బెదిరింపు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. 'మా ఇంటావంటా స్టేషన్ గడప తొక్కినవాళ్లు లేరు' అని చెప్పుకోవడం పరువుకు గుర్తు. ఆ ఇంట్లోనే జనవరి 26 వచ్చిందంటే ఫోన్ స్టేటస్‌లో మంచుకొండల మీద జెండా పట్టుకున్న జవాను బొమ్మ వెలుగుతుంది. దూరాన ఉన్న యూనిఫాం మీద భక్తి, వీధి మలుపులో నిలబడ్డ యూనిఫాం మీద జంకు.

ఆ జంకు ఊరికే పుట్టలేదు. 1857 తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయులు తెచ్చిన 1861 పోలీసు చట్టం జనాన్ని అదుపులో పెట్టడానికి రాసుకున్నది. పరాయి పాలన పోయినా ఆ చట్టపు పోకడ పోలేదు. లాకప్ మరణాలు, ఫిర్యాదు తీసుకోవడానికి సతాయింపు, సిఫార్సు ఉన్నవాడికి కుర్చీ, లేనివాడికి కసురు... ఇవన్నీ పేదలు సొంతంగా అనుభవించినవే. పోలీసంటే భయపడే కూలి మనిషిని తప్పుపట్టడం అన్యాయం. అయితే భయం ఒక్కటే మిగిలితే ఆ మనిషికీ మేలు జరగదు, స్టేషన్‌లో ఉన్న నిజాయతీపరుడైన కానిస్టేబుల్‌కూ మేలు జరగదు.

ఇక సరిహద్దు మీద భక్తి సంగతి. అది పెద్దదే, కానీ ఎవరి మీద భక్తో చాలామందికి తెలియదు. అమృత్‌సర్ దగ్గర అట్టారీలో సాయంత్రం జెండాలు దించే వేడుక చూసి చప్పట్లు కొట్టేవారిలో ఎందరో అక్కడ కవాతు చేసేది సైన్యమని అనుకుంటారు. వాళ్లు సరిహద్దు భద్రతా దళం, అంటే బీఎస్ఎఫ్ జవాన్లు. రక్షణ శాఖ కింద కాదు, హోం శాఖ కింద పనిచేస్తారు. పాకిస్తాన్‌తో అంతర్జాతీయ సరిహద్దులోనూ, 4,096 కిలోమీటర్ల బంగ్లాదేశ్ సరిహద్దులోనూ కాపలా వాళ్లదే. చైనా వైపు ఐటీబీపీ, నేపాల్, భూటాన్ వైపు ఎస్ఎస్‌బీ, మయన్మార్ వైపు అస్సాం రైఫిల్స్ ఉంటాయి.

నిజానికి సరిహద్దు జవాను, ఊరి పోలీసు ఒకే కుదురు నుంచి వచ్చినవాళ్లు. 1965 దాకా పాకిస్తాన్ సరిహద్దుకు కాపలా కాసింది రాష్ట్రాల సాయుధ పోలీసులూ సీఆర్‌పీఎఫ్ దళాలూ. ఆ ఏడాది ఏప్రిల్ 9న కచ్ రణ్‌లోని సర్దార్ పోస్ట్ దగ్గర పాకిస్తాన్ బ్రిగేడ్‌ను నిలువరించింది సీఆర్‌పీఎఫ్. అదే ఏడాది డిసెంబరు 1న బీఎస్ఎఫ్ ఏర్పడింది. అంతకు ముందు, 1959 అక్టోబరు 21న, లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో ప్రాణాలు విడిచిన పదిమందీ పోలీసులే. ఏటా అక్టోబరు 21న జరిగే పోలీసు అమరవీరుల దినం వాళ్ల పేరు మీద మొదలైంది. సరిహద్దులో ఉంటే దేవుడు, కూడలిలో ఉంటే దయ్యం అన్న విభజనకు చరిత్రలో ఆధారం లేదు.

భక్తి ఉన్నచోట ఆ జవాను బతుకు గురించి పట్టింపు కూడా ఉండాలి కదా. అక్కడే అసలు లోటు కనిపిస్తుంది. 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర బలగాల జవాన్లను పాత పింఛను నుంచి తప్పించారు. త్రివిధ దళాలకు మాత్రం అది కొనసాగింది. కేంద్ర బలగాలకూ పాత పింఛను వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరిలో తీర్పు ఇస్తే, కేంద్రం దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్లలో 654 మంది కేంద్ర బలగాల సిబ్బంది ఆత్మహత్య చేసుకున్నారని, ఐదేళ్ల కాలంలోనే 50 వేల మందికి పైగా ఉద్యోగాలు వదిలి వెళ్లిపోయారని పార్లమెంటు ముందుకు వచ్చిన లెక్కలు చెబుతున్నాయి. జవాను ఏడాదిలో వంద రోజులు కుటుంబంతో గడిపేలా చూస్తామని కేంద్ర హోంమంత్రి 2019లో ప్రకటించారు. ఆ మాట ఎంతవరకు నిలబడిందో చెప్పమని ఏ ఎన్నికల సభలోనూ ఓటరు నిలదీయలేదు.

ఊళ్లో ఉన్న ఖాకీల పరిస్థితీ అంతే. కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 2019లో దేశవ్యాప్తంగా దాదాపు 12 వేల మంది పోలీసు సిబ్బందిని అడిగి తయారుచేసిన నివేదిక ప్రకారం, సగటు పోలీసు రోజుకు 14 గంటలు పనిచేస్తున్నాడు. ఇద్దరిలో ఒకరికి వారాంతపు సెలవే లేదు. పద్నాలుగు గంటలు ఎండలో నిలబడ్డ మనిషి మాటలో సౌమ్యత వెతకడం కష్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 జూన్‌లో పోలీసులకు వారాంతపు సెలవు మొదలుపెట్టినప్పుడు ఆ ఇళ్లలో పండగ జరిగింది. సిబ్బంది కొరతతో అది నిలకడగా సాగలేదు. తెలంగాణలో హోంగార్డు కూలి రోజుకు 921 రూపాయల నుంచి వెయ్యికి చేరింది 2025లో. ట్రాఫిక్‌లో పొగ పీల్చే ఆ మనిషి ఇప్పటికీ రోజువారీ లెక్కమీదే బతుకుతున్నాడు.

2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. సిరిసిల్లలో, డిచ్‌పల్లిలో చంటిపిల్లలను చంకనేసుకుని బైఠాయించారు. భర్తలను ఏడాది పొడవునా ఊళ్లు తిప్పుతున్నారని, సెలవుల విధానం మార్చి ఇంటికి మరింత దూరం చేశారని, ఒకే పోలీసు వ్యవస్థ కింద ఒకచోట కుదురుగా పనిచేసే వీలు ఇవ్వాలని అడిగారు. నిరసన బెటాలియన్ల లోపలికి పాకాక 39 మందిని సస్పెండ్ చేశారు, పదిమందిని ఉద్యోగం నుంచి తొలగించారు. క్రమశిక్షణ గల దళంలో నిరసనకు హద్దులు ఉండవలసిందే. కానీ ఆ ఇల్లాళ్లు యూనిఫాం వేసుకోలేదు. వాళ్లు అడిగింది మొగుడు ఇంటికి వచ్చే రోజు. పూలు చల్లిన జనంలో వాళ్ల పక్కన వచ్చి కూర్చున్నవాళ్లు బహు తక్కువ.

యూనిఫాం మనిషి మీద పడే కోపంలో చాలా భాగం నిజానికి మరొకరికి చేరవలసింది. అటవీ శాఖను చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. 2019 జూన్ 30న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా రేంజ్ అధికారి అనితను ట్రాక్టర్ మీద నిలబడి ఉండగానే కర్రలతో కొట్టారు. ఆ గుంపును నడిపింది అప్పటి స్థానిక ఎమ్మెల్యే తమ్ముడు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో రేంజ్ అధికారి శ్రీనివాసరావును ప్లాంటేషన్ దగ్గరే నరికి చంపారు. ఆయన చేతిలో ఆయుధం లేదు. పోడు భూమికి పట్టా ఇస్తామని ఆశపెట్టిందీ, ఆ భూమిలోనే మొక్కలు నాటమని ఆదేశించిందీ ఒకే ప్రభుత్వం. ఏళ్ల తరబడి నానిన ఆ పట్టాల పంపిణీ మొదలైంది 2023 జూన్‌లో, శ్రీనివాసరావు చనిపోయిన ఏడు నెలలకు. నిర్ణయం నాన్చినవాళ్లు రాజధానిలో ఉన్నారు. అటు బువ్వ కోసం పోడు కొట్టుకున్న ఆదివాసీ, ఇటు ఉద్యోగధర్మం చేసిన అధికారి అడవిలో ఎదురుబొదురు పడ్డారు.

మరోవైపు, భక్తి ముదిరితే తప్పు కనిపించదు. 2011 జనవరి 7న బంగ్లాదేశ్ సరిహద్దు కంచె దాటుతున్న పదిహేనేళ్ల ఫెలానీ ఖాతూన్ బీఎస్ఎఫ్ తూటాకు బలైంది. ఆ పిల్ల శవం గంటల కొద్దీ ముళ్లకంచెకు వేలాడిన ఫొటో ప్రపంచమంతా చూసింది. బీఎస్ఎఫ్ సొంత కోర్టు 2013లో ఆ జవానును నిర్దోషి అంది, తిరిగి విచారించినా అదే మాట చెప్పింది. ఆ సరిహద్దులో జవాన్ల మీద స్మగ్లర్లు కత్తులతో దాడిచేసేదీ నిజమే. ప్రాణం తీయని ఆయుధాలు పట్టుకుని రాత్రంతా మంచులో గస్తీ తిరగడం ఎవరికీ తేలిక కాదు. ఆ కష్టాన్ని గుర్తిస్తూనే ఆ పిల్ల ప్రాణానికి జవాబు అడగొచ్చు. అలా అడగడం దేశద్రోహమని నోరు మూయించే వాతావరణం మంచి జవానుకు రక్షణ ఇవ్వదు. తప్పుచేసినవాడి మరక అందరి చొక్కాలకూ అంటుకునేలా చేస్తుంది.

చావు తర్వాత చూపే గౌరవం గురించీ మాట్లాడుకోవాలి. 2020 జూన్ 15న గల్వాన్‌లో నేలకొరిగిన కర్నల్ సంతోష్‌బాబుకు సూర్యాపేట కన్నీటి వీడ్కోలు పలికింది. తెలంగాణ ప్రభుత్వం ఐదు కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం ఇచ్చిన అగ్నివీర్ మురళీ నాయక్ కోసం గోరంట్ల మండలం కల్లి తండా తల్లడిల్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల పొలం ప్రకటించింది. ఇవన్నీ ఇవ్వవలసినవే. అయితే 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మునిగి, మావోయిస్టుల తూటాలకు చిక్కి చనిపోయిన 38 మందిలో ఎందరి పేర్లు ఎవరికి తెలుసు? వాళ్లలో అత్యధికులు తెలుగు గ్రేహౌండ్స్ పోలీసులే. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని తాడిమెట్లలో మావోయిస్టుల దాడిలో చనిపోయిన 76 మంది పేర్లు? ఏ మరణానికి ఎంత అన్నది ఆ వారం టీవీలో కనిపించిన తీరు మీదా, ముఖ్యమంత్రి ఉదారత మీదా ఆధారపడకూడదు. సరిహద్దులో చనిపోయినా, అడవిలో చనిపోయినా, కూడలిలో లారీ గుద్ది చనిపోయినా ఆ కుటుంబానికి దక్కేది ముందే రాసిపెట్టిన నియమం ప్రకారం, అడగకుండానే అందాలి.

జనం దృష్టి మారదని అనుకోనక్కర్లేదు. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ మఫ్టీలో బస్టాపుల్లో, కాలేజీల ముందు నిలబడి ఆకతాయిలను పట్టుకోవడం మొదలుపెట్టాక, స్టేషన్ గడప తొక్కడానికి జంకే ఆడపిల్లలు వాట్సాప్‌లో ఫిర్యాదు చేయడం నేర్చుకున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవల్లో వచ్చిన ఎన్డీఆర్ఎఫ్ మనుషులను అక్కడి జనం సొంతవాళ్లలా చూసుకున్నారు. ఆ దళంలో పనిచేసేది బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ వంటి బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. శిక్షణ, పనిముట్లు, చేయదగిన పని ఇచ్చి పంపితే ఆ మనుషులే జనం గుండెల్లో చోటు సంపాదిస్తారు.

చేయాల్సిన పనులు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణలపై ఏడు ఆదేశాలు ఇచ్చింది. కీలక పదవుల్లో ఉన్న అధికారులను రెండేళ్ల దాకా కదిలించకూడదని, దర్యాప్తునూ శాంతిభద్రతలనూ విడదీయాలని, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీసులపై ఫిర్యాదులు వినే సంస్థలు ఉండాలని చెప్పింది. ఇవి పోలీసును నాయకుడి ఫోన్ నుంచి కాపాడతాయి, జనాన్ని పోలీసు లాఠీ నుంచి కాపాడతాయి. దాదాపు ఇరవై ఏళ్లయినా వీటిని నిండుగా అమలు చేసిన రాష్ట్రం లేదు. తెలుగు రాష్ట్రాలు ముందుకు వచ్చి చేసి చూపించవచ్చు.

అందుకు రోజు కూడా ఉంది. అక్టోబరు 21న ముఖ్యమంత్రులు కవాతు అందుకుని, ఆ ఏడాది అమరులైనవారికి పూలు పెట్టి ప్రసంగిస్తారు. ఈసారి అమరుల పేర్లతో పాటు నాలుగు లెక్కలు కూడా చదవాలని విలేకరులు, ఎమ్మెల్యేలు, పౌర సంఘాలు పట్టుబట్టాలి. జిల్లాల వారీగా ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, వారాంతపు సెలవు ఎంతమందికి నిజంగా దొరికింది, విధి నిర్వహణలో చనిపోయినవారి కుటుంబాల్లో ఎన్నింటికి పరిహారం ఇంకా బాకీ ఉంది, పోలీసులపై వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని తేలాయి. మొదటి మూడు లెక్కలు యూనిఫాం వేసుకున్నవారికి సమాజం పడ్డ బాకీ, నాలుగోది వాళ్లు సమాజానికి పడ్డ బాకీ. ఆ నాలుగూ ఒకే వేదిక మీద, ఒకే గొంతుతో చదివించుకునే హక్కు పన్ను కట్టే ప్రతి పౌరుడికీ ఉంది.