కుండీచేమను సాగుచేయువారికి

తూర్పు గోదావరి జిల్లాలోని కడియము, కడియపులంక రైతులు పూలమొక్కలను, ఆకుమొక్కలను పెంచి దేశము నలుమూలలకు పంపుచున్నారు. అది చూచి మన సంఘసభ్యులు కొందఱు ఆలొకేసియా అమెజానికా అను మొక్కను తామును పెంచవచ్చునా యని మమ్మడుగుచున్నారు. నల్లదనము కలిసిన పచ్చని ఆకుపై వెండితీగెలు పఱచినట్లు తెల్లని యీనెలుండుటచే పట్టణవాసులు దీనిని గదులలో కుండీలయందుంచి ముచ్చటపడుదురు.

పేరునుబట్టి యిది అమెజాను నదీతీరపు మొక్క యనుకొనవలదు. 1950 తరువాతి దశకమున అమెరికాలోని మయామి నగరమందు తపాలా ఉద్యోగియైన సాల్వడోర్ మౌరో సంకరముచేసి తన నర్సరీ పేరే దీనికి పెట్టెను. జనకములు రెండును ఆగ్నేయాసియావి. అందొకటి ఫిలిప్పీను దీవులది. మన చేమకును కందకును ఇది చుట్టమే.

పిల్లదుంపలను విడదీసి నాటవలెను. నీడయు, గాలిలో చెమ్మయు, నీరు నిలువని గుల్లమన్నును కావలయును. నీరు నిలిచినచో దుంప కుళ్లును. వడగాలికి ఆకు అంచులు మాడును గనుక మెట్టవారు దీని జోలికి పోకుండుట మేలని మా యభిప్రాయము. తక్కినవారైనను వరిచేను మాన్పి దీనికై పూనుకొనరాదు. ధాన్యము అమ్ముడుపోకున్న గాదెలోనుంచి తినవచ్చును. దీనిని తినరాదు గదా.

తినరాదనుటలోనే అసలు విషయమున్నది. దీని ఆకు, కాడ, దుంప యన్నిటను కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు సూదులవలె నుండును. నమలినచో నోరు మండి, నాలుక, పెదవులు వాచును. పసరు కంటబడినను బాధయే. కంద దురద నెఱిగిన మనకిది వింత కాదు. కాని కొనువాడు కంద త్రవ్వి యెఱుగడు. వాని యింట ప్రాకుచున్న బిడ్డ చేతికందునట్లు కుండీ నేలపైనే యుండును. కావున అమ్మెడి ప్రతి మొక్కకును, ఇది నోట పెట్టరాదని తెలుపు చీటి కట్టవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము.

అట్లు చేసిన బేరము పోవునని కొందఱు వర్తకులు మాతో వాదించిరి. పురుగుమందు డబ్బాపై విషమని వ్రాసియున్నను రైతు కొనుట మానినాడా?

ఈ చీటిని గూర్చి రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము తేవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. తెలుగుతోపాటు హిందీలోను అచ్చువేయింపవలెను. పొరుగు రాష్ట్రములకును మొక్కలు పోవును గదా.