అన్నం పొట్లంతో పాటు ఒక ఫోను మాట

కృష్ణా డెల్టా దిగువన తుఫాను షెల్టర్లలో తలదాచుకునేవాళ్ల కోసం మొదలుపెడుతున్న ఉద్యమ ప్రణాళిక ఇది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లను సముద్రం ఊడ్చుకుపోయింది. చనిపోయినవాళ్ల మీద ప్రభుత్వ లెక్క పదివేల దగ్గర ఆగింది. ఊళ్లలో చెప్పే లెక్క అంతకంటే పెద్దది. తీగలు తెగి, రోడ్లు కొట్టుకుపోయి, ఇక్కడేం జరిగిందో బయటివాళ్లకు తెలియడానికే ఆలస్యమైంది. అంతకు ముందు 1864లో బందరు పట్టణమే ఉప్పెనలో మునిగింది. ఈ నేల మీద పుట్టినవాళ్లకు కబురు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇవాళ కబురు ముందే వస్తోంది. బందరు రాడారు తుఫానును దూరాన్నే పసిగడుతుంది, ఫోన్లు మోగుతాయి, జనాన్ని బస్సులెక్కించి షెల్టర్లకు చేరుస్తారు. 1990 మే తుఫాను ఎంత తీవ్రమైనదైనా చావులు వెయ్యి లోపే ఆగాయంటే, లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు గనకే. ఆ పని చేసిన ప్రతి ఉద్యోగికీ దణ్ణం పెడతాం. మేం అడిగేది ఆ తర్వాతి సంగతి. షెల్టరు తలుపు మూసుకున్నాక లోపలివాళ్లకు కబురందదు, వాళ్ల కబురు బయటికి రాదు.

మేం కళ్లారా చూసిన ఒక రాత్రి చెబుతాం. హైస్కూలు గది. కరెంటు ముందే తీసేశారు. జనరేటరు రెండు గంటలు ఆడింది. ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సు, చుట్టూ నలభై ఫోన్లు. కలిసిపోకుండా ఒక కుర్రాడు ప్రతి ఫోను వెనకా గాయానికి వేసే ప్లాస్టరు ముక్క అంటించి పెన్నుతో పేరు రాశాడు. ఒక ముసలమ్మ తన చిన్న ఫోను మా చేతికిచ్చి, "హైదరాబాదులో మా పిల్లాడికి ఒక్కసారి కలుపు నాయనా, అమ్మ బతికుందని చెబితే చాలు" అంది. చార్జింగు నిండుగా ఉంది, సిగ్నలు కడ్డీ ఒక్కటీ లేదు. పక్కనున్నాయన ఫోనులో వేరే కంపెనీ సిగ్నలు రెండు కడ్డీలు చూపిస్తోంది, కానీ ఆయన రీచార్జి నాలుగు రోజుల కిందటే అయిపోయింది. ఆ తల్లి అన్నం పొట్లం విప్పకుండానే పడుకుంది.

1942లో బర్మా నుంచి అడవులు దాటి నడిచొచ్చిన తెలుగువాళ్లను కాందిశీకులన్నాం. మన షెల్టరువాళ్లు ఏ సరిహద్దూ దాటలేదు, నాలుగు మైళ్ల అవతలి బడికి చేరారంతే. అయినా ఇల్లు ఉందో లేదో, మేకలేమయ్యాయో, వేటకెళ్లిన పడవ ఏ రేవుకు చేరిందో తెలియని ఆ రాత్రి వాళ్లూ కాందిశీకులే. లోకంలో శరణార్థి శిబిరాలకు ఫోను, నెట్ అందించడం ఇప్పుడు సహాయంలో భాగం. ఐక్యరాజ్యసమితిలో విపత్తులప్పుడు ఫోను, నెట్ పనిని ముందుండి నడిపేది ప్రపంచ ఆహార కార్యక్రమం. అన్నం పెట్టే సంస్థే కబురు పని కూడా చూస్తోందంటే, ఆ రెండూ వేరు కాదని వాళ్లకు అనుభవం మీద తెలిసింది గనకే.

టవర్లు ఎందుకు మూగబోతాయి? గాలికి కూలేవి కొన్నే. ఎక్కువ చోట్ల కరెంటు పోతుంది, బ్యాటరీ కొన్ని గంటలకే అయిపోతుంది, డీజిలు మోసుకెళ్లే దారి నీళ్లలో ఉంటుంది. స్తంభాలతో పాటు ఫైబరు తీగ తెగిపోతుంది. ఇవన్నీ ముందే తెలిసిన సంగతులు, ముందే సర్దుకోగలిగినవి. తుఫాను కబురు రాగానే షెల్టర్లకు సిగ్నలిచ్చే టవర్లకు డీజిలు చేర్చాలి. ఒక కంపెనీ టవరు పోతే ఇంకో కంపెనీ టవరు మీద మాట్లాడుకునే వీలుంది. ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. తుఫాన్లప్పుడు కేంద్ర టెలికాం శాఖ దాన్ని తెరిపిస్తోంది కూడా. అయితే ఫోనులో నెట్‌వర్కును చేత్తో మార్చుకోవాల్సి వస్తే ఎలాగో షెల్టర్లో ఎంతమందికి తెలుసు? తెలిసిన మనిషి ఒకరు ప్రతి షెల్టర్లో ఉండాలి. షెల్టర్లో ఉన్నన్నాళ్లూ రీచార్జి అయిపోయిన సిమ్ము కూడా మాట్లాడాలి. ఇది దయ కింద లెక్క కాదు, బియ్యం, కందిపప్పు రాసే జాబితాలోనే రాయాల్సిన పద్దు.

టవర్లన్నీ పోయినా దారి ఉంది. 2004 సునామీలో అండమాన్ల కబురు పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి తెచ్చినవాళ్లలో హ్యామ్ రేడియో వాళ్లున్నారు. ఆ విద్య నేర్పే జాతీయ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, బందరు కాలేజీల పిల్లలు లైసెన్సు పరీక్ష రాయాలి. ఫీజులు మేం కడతాం.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు లంకల్లో నీటికంటే ముందు పుకారు పరిగెత్తింది, కరకట్ట తెగిందని. అందుకే ప్రతి షెల్టరు గోడ మీద ఒక బోర్డు, గంటకోసారి కంట్రోల్ రూముకు ఫోను చేసి రాసే చేయి ఒకటి కావాలి. ఇక సామాను దాచే చోటు. బుడమేరు వాగు మీదికొస్తే గుడివాడ పక్క ఊళ్లూ మునుగుతాయి, అయినా రైలు జంక్షను అక్కడుంది కాబట్టి బ్యాటరీలు, సోలారు పలకలు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు అక్కడ మెరక చూసి దాచుదాం. బందరులో కలెక్టరేటుతో మాట్లాడే బాధ్యత బందరు వాళ్లది.

ఇంకొక మాట, గట్టిగా. షెల్టర్లో ఉన్నవాళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు వాట్సాప్ గ్రూపుల్లో పడేయడం మేం ఒప్పుకోం. మడ అడవుల్లో పీతలు పట్టుకునే యానాది కుటుంబాలకు ఇంటికో ఫోను కూడా ఉండదు. వాళ్లకు ముందు ఫోను అందాలి, వాళ్ల వివరాలు ఊరంతా తిరగకూడదు.

మా కూటమికి పేరింకా పెట్టలేదు. ఈ నవంబరు 19న అవనిగడ్డలో కలుద్దాం. వచ్చేముందు మీ ఊరి షెల్టరు దగ్గర నిలబడి, ఏ కంపెనీ సిగ్నలు ఎన్ని కడ్డీలు చూపిస్తుందో ఒక కాగితం మీద రాసి తెండి.