రైతు కొరకు పుట్టిన ‘రెండు గుర్రాలు’

ఏ యంత్రానికైనా మొదటి ప్రశ్న ‘ఇది ఎవరి కొరకు?’ అన్నది. ఆ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పుకొని తయారైన వాహనాలలో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ 2 సి.వి. కారు ఒకటి. ఈసారి మా శీర్షికలో దాని కథను పాఠకుల ముందుంచుతున్నాము.

1934 చివరలో సిట్రోయెన్ కంపెనీ అప్పులలో కూరుకుపోగా, టైర్ల తయారీ సంస్థ మిషెలిన్ దానిని చేపట్టింది. అప్పటికి ఫ్రాన్సు పల్లెలలో రైతులకు గుర్రపు బండే ఆధారం. సంస్థ సారథి పియర్ బూలాంజె ఆ రైతు కొరకు ఒక కారు కావాలన్నారు. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపల బస్తా పట్టాలి. గంటకు 60 కిలోమీటర్లు పోవాలి. 100 కిలోమీటర్లకు 3 లీటర్ల పెట్రోలు మించరాదు. దున్నిన పొలంలో నడిపినా బుట్టలోని కోడిగుడ్లు చితకరాదు. స్పెసిఫికేషను అంటే ఇదే!

ఆంద్రె లెఫెవ్ర్ బృందం 1939 నాటికి సుమారు 250 నమూనా బండ్లను సిద్ధం చేసింది. ఇంతలో యుద్ధం వచ్చింది. జర్మన్ల చేతికి చిక్కకుండా వాటిలో అధికభాగాన్ని ధ్వంసం చేసి, కొన్నింటిని దాచివేశారు. అలా దాచిన మూడు బండ్లు 1990ల నడుమ ఒక పాత కొట్టంలో బయటపడ్డాయి.

1948 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో కారు లోకానికి కనిపించింది. రేకుడబ్బా వంటి రూపాన్ని చూసి పత్రికలవారు నవ్వారు. కొనేవారు మాత్రం ఏళ్ల తరబడి వరుసలో వేచి ఉన్నారు.

దాని లోపలి అమరికను గమనించండి. 375 సి.సి. ఇంజను, రెండు సిలిండర్లు, 9 అశ్వశక్తి. గాలితోనే చల్లబడుతుంది గనుక రేడియేటరు లేదు, నీటి పంపు లేదు. రెండు ప్లగ్గులకూ ఒకేసారి నిప్పురవ్వ అందుతుంది గనుక డిస్ట్రిబ్యూటరూ లేదు. లేని భాగం ఎన్నడూ చెడిపోదు కదా! అయితే అవసరమైన చోట వారు పొదుపు పాటించలేదు. ఒక్కో వైపున ముందు, వెనుక చక్రాల స్ప్రింగులను జోడించారు. ముందు చక్రం గతుకెక్కినపుడు ఆ కదలికలో కొంత వెనుకకు చేరి, బండి ఊగిసలాడక సమంగా సాగుతుంది. కోడిగుడ్ల రహస్యం ఇదే.

1990 జూలైలో పోర్చుగల్‌లోని మాంగ్వాల్దె కర్మాగారంలో చివరి బండి తయారయ్యేనాటికి, మొత్తం సంఖ్య 38 లక్షలు దాటింది. కొత్త భద్రతా నియమాలు, పొగ నిబంధనలు, మారిన అభిరుచులు దానికి వీడ్కోలు పలికాయి.

చౌక వస్తువంటే నాసిరకమన్న భావన మన సాంకేతికులలోనూ కలదు. ఏది తీసివేయాలో, ఏది తీసివేయరాదో తెలిసి చేసిన చౌక వేరని ఈ కారు ఋజువు చేసింది. కొత్త యంత్రానికి టెండరు వ్రాసేటప్పుడు కేటలాగులోని హంగులన్నీ చేర్చడం సులభం. వాడని హంగుకు కూడా ధర చెల్లించేది సంస్థే; దాని మరమ్మతు భారం మోసేది షాపులోని కార్మికుడే. అందువలన కలం పట్టడానికి ముందు, ఆ యంత్రం ముందు ఎనిమిది గంటలు నిలబడవలసిన ఆపరేటరును పిలిచి అడుగుదాము. అతని ‘కోడిగుడ్ల బుట్ట’ ఏదో అతడే చెప్పగలడు.