బడితోట గట్టు దాటి చూడాలి

గుమ్మడిపాదు విరగబూసి పిందె నిలవకపోతే బడిలో నింద ముందు పిల్లల మీదికే పోతుంది. నీళ్లు పోయలేదని, ఎరువు వేయలేదని. గుమ్మడిలో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. తెల్లవారి విచ్చిన పువ్వు మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో తేనెటీగ వాలకపోతే కుండలకొద్దీ నీళ్లు పోసినా కాయ రాదు. ఆ పొద్దున పక్క చేలో మందు కొట్టారేమో, గట్ల మీద పూలమొక్కలన్నీ గడ్డిమందుకు మాడిపోయాయేమో ఎవరూ చూడరు.

మధ్యాహ్న భోజనంలోకి తాజా కూరలు అందాలని కేంద్ర విద్యాశాఖ 2019లో బడుల్లో పోషకాహార తోటలకు మార్గదర్శకాలిచ్చింది. మంచి పని. ప్రతి బడితోటకూ చుట్టుపక్కల నేలను నమోదు చేసే పుస్తకం కూడా ఉండాలన్నది ఈ కరపత్రం కోరిక.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరిచేలెన్నో చేపల, రొయ్యల చెరువులయ్యాయి. ఉప్పునీటి చెరువు గట్టు కింద ఊట పక్క మడిలోకి దిగితే ముందు దెబ్బతినేది చిక్కుడు జాతి మొక్కలు. భూసార పరీక్షలో ‘ఈసీ’ అనే అంకె ఉప్పుదనాన్ని చెబుతుంది. మట్టిని నీటితో ముద్దచేసి తీసిన రసంలో అది మీటరుకు 1 డెసీసీమెన్స్ దాటితేనే బీన్స్ దిగుబడి తగ్గుతుంది. బీట్‌రూట్ 4 దాకా తట్టుకుంటుంది. ఈ రెండూ పక్కపక్కన వేస్తే పిల్లల కళ్లకే తేడా తెలుస్తుంది.

పురుగుకూ సరిహద్దు లేదు. 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద కనిపించిన కొత్త జాతి తామరపురుగు 2021లో తెలుగు రాష్ట్రాల మిరపతోటల్లో పూలను తినేసింది. మిరప మండలాల్లో బడి బంతిపూలను వారం వారం తెల్లకాగితం మీద దులిపి చూస్తే ఇలాంటి పురుగు రాకను ముందే పసిగట్టే అవకాశం ఉంటుంది. పిల్లలకిది శక్తికి మించిన పని కాదు. కేరళ బడిపిల్లలు సీజన్‌వాచ్ అనే చెట్ల పరిశీలన కార్యక్రమం కోసం ఒకే చెట్టు ఆకు, పువ్వు, కాయలను వారం వారం నమోదు చేస్తున్నారు.

పుస్తకం ప్రతి బడిలో ఉన్నా, నేలలను పోల్చి చూసే ప్రయోగానికి మండలానికి మూడు బడులు చాలు: ఒకటి చెరువుల మధ్య, ఒకటి వరిచేల నడుమ, ఒకటి పట్నంలో. ఒకే విత్తనం, ఒకే రోజు. సగం మొక్కలు నేలలో, సగం ఒకేచోటి మట్టి నింపిన సిమెంటు సంచుల్లో. సంచులకు తాగునీరే పోయాలి. సంచిలో మొక్క బాగుండి నేలలోది వాడితే మట్టినీ నీటినీ అనుమానించాలి. రెండూ వాడితే గాలినీ పురుగునూ చూడాలి. చుట్టూ అర కిలోమీటరు పటం ఖరీఫ్‌కొకటి, రబీకొకటి గీయాలి. ఉదయం పది నిమిషాల్లో పూల మీద వాలిన తేనెటీగల లెక్క, గాలివాటు, మందు కొట్టిన రోజు రాయాలి. ఒక్క ఏడాది లెక్క నమ్మడానికి లేదు, వానొక్కటే అంతా తారుమారు చేస్తుంది. కనీసం మూడేళ్లు సాగాలి.

తమ మీద ఫిర్యాదు వెళ్తుందని రైతులు జంకడం సహజం. అందుకే పుస్తకంలో పంట, పని ఉండాలి తప్ప రైతు పేరు ఉండకూడదు. రైతులూ ఒక సాయం చేయాలి: మందు కొట్టే ముందురోజు బడికి ఒక్క ఫోన్. ఆ పూట పిల్లలు తోటలోకి వెళ్లరు.

పాఠశాల యాజమాన్య కమిటీలు జూన్‌లో బడి తెరవగానే దీనిపై తీర్మానం చేయాలి. మట్టి నమూనాను వ్యవసాయ శాఖ సిబ్బందికి ఇచ్చి పరీక్ష చేయించాలి. తొలకరికి విత్తనం పడేలోపే మొదటి పటం బడి గోడ మీద ఉండాలి.