కొండమీది ఊళ్ళు

చరిత్ర అంటే రాజులూ, కోటలూ, యుద్ధాల తేదీలూ అనుకునే అలవాటు మనకింకా పోలేదు. పరీక్షలకి అవే కావాలి గనుక అవే చదువుతాం. కాని బానిస ఓడల్లోంచి దిగిన మామూలు మనుషులు కట్టుకున్న ఊళ్ళు కూడా చరిత్రే. సియర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో ఒక శని, ఆదివారాలు కాళ్ళు నొప్పెట్టేదాకా నడిచాక ఈ సంగతి నాకు బాగా తలకెక్కింది.

ఫ్రీటౌన్ సముద్రానికీ కొండలకీ మధ్య ఇరుక్కున్న నగరం. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక, దాని నౌకాదళం పట్టుకున్న ఓడల్లోని జనాన్ని ఇక్కడ దింపేవారు. 1860ల దాకా అలా దిగినవారు రమారమి లక్షమంది. యొరూబాలు, ఇగ్బోలు, ఇంకా ఎన్నో జాతులవాళ్ళు. ఒకరి మాట ఒకరికి తెలియదు. వీళ్ళలో చాలామందికి నగరం పైనున్న కొండల్లో ఊళ్ళు ఏర్పాటు చేశారు. లెస్టర్, గ్లోస్టర్, రీజెంట్, బాతర్స్ట్, షార్లెట్ - పేర్లు దొరలవి, చెమట వీళ్ళది.

నేను ఫూరా బే కాలేజీ ఉన్న కొండ దగ్గర బయలుదేరి ఒక్కొక్క ఊరే దాటుకుంటూ వెళ్ళాను. పాతకాలపు చెక్క ఇళ్ళు అక్కడక్కడా మిగిలాయి. రీజెంట్‌లో పాత రాతి చర్చి ఉంది. వాలుల మీద కూరగాయల మళ్ళు. ఆ కాలేజీ 1827లో మొదలైనప్పుడు తొలి విద్యార్థుల్లో ఒకడు శామ్యూల్ క్రౌథర్. 1822లో బానిస ఓడ నుంచి విడిపించి తెచ్చాక బాతర్స్ట్ గ్రామంలోనే అతను చదువు నేర్చాడు. 1864లో ఆంగ్లికన్ చర్చిలో తొలి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. అలా వచ్చి చేరినవారి మధ్య పెరిగిన క్రియో ఈనాడు ఆ దేశంలో అందరినీ కలిపే భాష. ఇంతకంటే గొప్ప విజయగాథ ఏ రాజుకుందండీ?

అయితే ఈ నడకలో కంటికి ఇంపైనవే కనబడవు. 2017 ఆగస్టు 14న, రోజుల తరబడి కురిసిన వానకి రీజెంట్ దగ్గర కొండచరియ విరిగిపడింది. చనిపోయినవారూ, ఆచూకీ దొరకనివారూ కలిసి వెయ్యికి పైనే. వాన ఒక్కటే కారణం కాదు. చెట్లు కొట్టేశారు, వాలు తవ్వేశారు, నీళ్ళు పారే దారిలోనే ఇళ్ళు కట్టారు. "బీదవాళ్ళు ఆక్రమించుకున్నారు" అనెయ్యడం తేలిక. వాళ్ళు వేరే చోటు లేక ఎక్కారు. డబ్బున్నవాళ్ళు సముద్రం కనబడాలని ఎక్కి మేడలు కట్టారు. కొండకి ఇద్దరి బరువూ ఒకటే. తప్పు మాత్రం ఇద్దరిదీ ఒకటి కాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చర్చికి సున్నం వేసి, పక్కన బోర్డు పాతినంత మాత్రాన చరిత్రని కాపాడినట్టు కాదు. ఆ ఊళ్ళని నిలబెట్టింది కొండ, కొండని పట్టుకున్నది అడవి. అడవి పోతే కింద నగరానికీ దిక్కులేదు.

విద్యార్థి మిత్రులకి ఒక మనవి. విహారయాత్రకని ఏటా బస్సు మాట్లాడుకుంటాం, ఫోటోలు తీయించుకుంటాం, వచ్చేస్తాం. ఒక్క ఏడు బస్సు మానేసి, మనకి దగ్గర్లో ఉన్న కొండ ఏదో ఎక్కి చూద్దాం. చరిత్ర విద్యార్థులు అక్కడి ముసలివాళ్ళని అడగాలి, వృక్షశాస్త్రంవాళ్ళు చెట్లు లెక్కపెట్టాలి, భూగర్భశాస్త్రంవాళ్ళు వాలు చూడాలి. రాసుకొచ్చింది వచ్చే సంచికలో అచ్చువేద్దాం. లెక్చరర్లు కూడా వస్తే మరీ మంచిది.

చెప్పులు మాత్రం గట్టివి వేసుకు రండి!