పొట్టి తుపాకి, పొడుగు ఖర్చు

అమెరికాలో గొట్టం పొట్టిగా ఉండే షాట్‌గన్‌లపై 1934 నుంచి వసూలవుతూ వచ్చిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి రద్దయింది. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నుల చట్టంలో ఇది ఒక చిన్న అంశం. వార్తాసంస్థల కథనాలను తెలుగు చేసే బల్ల మీద ఇటువంటి వార్త నాలుగు వాక్యాలకు కుదించుకుపోవడం పరిపాటి. ఇంతటితో వదిలివేయదగినదే అయినా, ఆ నాలుగు వాక్యాలను చదివిన పాఠకుడికి కలిగే సందేహం ఒకటున్నది. అంత చిన్న తుపాకి అక్కడ సులభంగా దొరుకుతున్నప్పుడు, రోజూ రొక్కంతో తిరిగే ఇక్కడి చిన్న వ్యాపారి దానిని ఎందుకు కొనుక్కోరాదు?

ఈ ప్రశ్నను సూరత్ నగరంలోని పర్వత్ పాటియా నుంచి పరిశీలించడం సముచితం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఈ ప్రాంతంలోను, సమీపంలోని లింబాయత్‌లోను తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపేటంతటి జనసంఖ్య వారిది. మరమగ్గం కార్మికుడిగా జీవితం మొదలుపెట్టి చీరల దుకాణం వరకు ఎదిగిన వారు వీరిలో ఉన్నారు. అటువంటి వ్యాపారి ఒకరు రాత్రి పది గంటలకు షట్టరు దించి, ఆనాటి వసూళ్లను సంచిలో వేసుకుని ఇంటికి బయలుదేరుతున్నారనుకుందాం. ఆయన భయం అసహజమైనది కాదు. ఆ భయానికి పొట్టి తుపాకి తగిన మందు అవునా, కాదా అన్నదే విచారణీయాంశం.

ముందుగా చట్టం సంగతి. షాట్‌గన్ అంటే మన వాడుకలోని పన్నెండు బోరు తుపాకి వంటిది. గొట్టం లోపల నునుపుగా ఉంటుంది, ఒక్క తూటాలో అనేక గుండ్లుంటాయి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆత్మరక్షణకు గాని, క్రీడకు గాని పౌరుడు లైసెన్సు పొందగల నునుపు గొట్టపు తుపాకికి కనీసం 20 అంగుళాల గొట్టం ఉండాలి. అంతకంటె పొట్టిదైతే అది ఆయుధాల నిబంధనలలోని మొదటి వర్గంలోకి, అనగా నియంత్రిత ఆయుధాల జాబితాలోకి పోతుంది. నగర పోలీసు కమిషనరు దానికి లైసెన్సు ఇవ్వజాలరు. ఆ అధికారం కేంద్ర హోం శాఖది. తీవ్రవాదుల నుంచి ప్రాణహాని ఎదుర్కొంటున్న వారి వంటి కొద్దిమందికే అటువంటి అనుమతి లభించే అవకాశముంది. చీరల వ్యాపారి ఆ కోవలోకి రావడం దుర్లభం.

చట్టబద్ధంగా కొన్న పొడుగు తుపాకి గొట్టాన్ని తరువాత కోయించుకోవచ్చునన్న ఊహ కొందరికి రావచ్చు. మగ్గాల విడిభాగాలు మరమ్మతు చేసే లేతు యంత్రాలు వీధివీధినా ఉన్న నగరంలో అది పెద్ద పని కాదనిపించవచ్చు. కాని లైసెన్సు లేకుండా గొట్టాన్ని పొట్టిచేయడమే ఒక ప్రత్యేక నేరమని చట్టంలోని 6వ సెక్షన్ చెబుతున్నది. 2019 సవరణ తరువాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు. గరిష్ఠంగా యావజ్జీవం విధించవచ్చు. లైసెన్సున్న తుపాకి అయినంత మాత్రాన ఈ శిక్ష తప్పదు. ఇక రహస్యంగా అమ్మే నాటు తపంచాల విషయం వేరుగా చెప్పనవసరం లేదు. వాటిని కలిగి ఉండడమే నేరం. పైగా నాసిరకం ఇనుముతో చేసిన గొట్టం పేలినప్పుడు ముందుగా గాయపడేది పట్టుకున్న చెయ్యే.

కనుక మిగిలేది 20 అంగుళాలకు తక్కువ కాని మామూలు తుపాకి. దాని ఖర్చునైనా లెక్క వేసి చూడవలసి ఉన్నది. 1980 దశకం మధ్య నుంచి సామాన్య పౌరులకు తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందువల్ల దేశంలో తయారైన కొద్ది రకాలలోనే ఎంచుకోవాలి. పరిమితమైన సరఫరా ధరను ఎక్కడికి తీసుకుపోతుందో తెలుసుకోవడానికి 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం విడుదల చేసిన నిర్భీక్ రివాల్వరు మంచి ఉదాహరణ. మహిళల ఆత్మరక్షణకని ప్రకటించిన ఆ చిన్న ఆయుధం ధర అప్పట్లోనే సుమారు 1.22 లక్షల రూపాయలు. 2017లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన మాస్‌బర్గ్ కంపెనీ వారి 14 అంగుళాల గొట్టపు షాక్‌వేవ్ తుపాకికి కంపెనీ ప్రకటించిన ధర 450 డాలర్ల ప్రాంతంలో ఉండెను. అక్కడి ధర చూసి ఇక్కడి ఖర్చును అంచనా వేసుకోవడం పొరపాటని దీనిని బట్టి గ్రహించవచ్చు.

తుపాకి ధరతో ఖర్చు ముగియదు. 2016 నాటి నిబంధనల ప్రకారం దరఖాస్తుదారు ఆయుధాన్ని సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం చూపాలి. శారీరక, మానసిక ఆరోగ్యానికి వైద్యుని పత్రం జతపరచాలి. ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటుకు హామీ ఇవ్వాలి. ఆపైన పోలీసు విచారణ. లైసెన్సు ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఎన్నికలు వచ్చినప్పుడు ఆయుధాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి రశీదు తీసుకోవలసి రావడం సాధారణం. లైసెన్సు గుజరాత్‌కే పరిమితమైతే, పండుగకు సిరిసిల్లకు బయలుదేరిన కుటుంబం వెంట అది రైలెక్కే వీలు లేదు. ఇల్లు తాళం వేసి ఉన్న ఆ పది రోజులూ, కాపలాకని కొన్న తుపాకికే కాపలా పెట్టవలసి వస్తుంది.

ఉపయోగం మాటేమిటి? పొట్టి గొట్టం నుంచి గుండ్లు గది నిండా చెదిరిపోతాయని, గురి చూడనవసరమే లేదని సినిమాలు మనకు నేర్పాయి. వాస్తవంలో గది ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి గుండ్లు చెదిరే వెడల్పు జానెడు కూడా ఉండదు. కాబట్టి గురి తప్పనిసరి. గొట్టం, వెనుక కర్ర రెండూ పొట్టివైనప్పుడు ఆ గురి కుదరడమే కష్టం. తుపాకి తేలికైన కొద్దీ వెనుకకు తన్నే బలం ఎక్కువగా తెలుస్తుంది; శబ్దం, మంట పెరుగుతాయి; గుండ్ల వేగం కొంత తగ్గుతుంది. గురి తప్పిన గుండ్లు పలుచని గోడలను దాటి పక్కింటిలోకి దూసుకుపోగలవు. గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్న పేటలో ఆ పక్కింట్లో నిద్రించేది మన ఊరి నుంచి వచ్చినవారి పిల్లలే కావచ్చు. ఆ రాత్రి జరిగిన నష్టానికి ఏ ప్రీమియంతోను బీమా దొరకదు.

రెండవ పక్షం వాదన కూడా వినదగినదే. 1878లో లిట్టన్ ప్రభువు తెచ్చిన చట్టం భారతీయులను నిరాయుధులను చేసి అవమానించింది. స్వతంత్ర భారతంలో పౌరుడిని నమ్మరాదా అన్న ప్రశ్నలో న్యాయమున్నది. పోలీసులు వచ్చేలోగా ప్రాణం పోతే ఎవరు బాధ్యులన్న ప్రశ్న కూడా తోసివేయదగినది కాదు. ఆత్మరక్షణ హక్కును 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సైతం గుర్తించింది. వృత్తి, వ్యాపారాల స్వభావం వల్ల నిజమైన అవసరమున్న వారి దరఖాస్తులను పరిశీలించవచ్చునని నిబంధనలే చెబుతున్నాయి. నిజంగా బెదిరింపులున్న వ్యాపారి మామూలు తుపాకికి దరఖాస్తు చేసుకుంటే తప్పుపట్టవలసింది లేదు. మన అభ్యంతరమల్లా వింత వస్తువుగా, చేతిలో ముచ్చటగా ఉంటుందని కోరుకునే పొట్టి తుపాకి గురించే. సంచిలో దాచుకోవడానికి వీలుండడం దాని ప్రధాన ఆకర్షణ. దొంగకు కూడా నచ్చే గుణం సరిగ్గా అదే. చట్టాలు దానిని వేరు చేసి చూడడానికి కారణమూ అదే. 1939లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రసిద్ధ మిల్లర్ కేసు కూడా 18 అంగుళాలకు తక్కువ గొట్టమున్న షాట్‌గన్‌ను రాష్ట్రం దాటించడం గురించినదే. అటువంటి తుపాకికి రాజ్యాంగ రక్షణ వర్తిస్తుందనడానికి ఆధారం లేదని ఆ న్యాయస్థానం భావించింది.

పన్ను రద్దయిందన్న వార్త చదివి సంతోషించే అమెరికా తెలుగువారు కూడా ఒక సంగతి గమనించాలి. రద్దయినది పన్ను మాత్రమే. ముందస్తు దరఖాస్తును, నమోదును ఆ చట్టం తొలగించలేదు. అంతకంటె ముఖ్యమైనది, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు కొద్ది మినహాయింపులు తప్ప తుపాకి కలిగి ఉండడాన్నే అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. స్నేహితుడు చూపించిన తుపాకితో సరదాగా మొదలైన వ్యవహారం ఉద్యోగాన్ని, వీసాను కూడా హరించగలదు.

తిరిగి పర్వత్ పాటియాకు వద్దాం. అక్కడి చిన్న వ్యాపారిని దెబ్బతీసే నష్టం ఎక్కడి నుంచి వస్తున్నదో ఆయన చిట్టాపుస్తకాన్ని అడిగితే తెలుస్తుంది. సూరత్ బట్టల వ్యాపారం అరువు మీద నడుస్తుంది. సరుకు పంపిన తరువాత నెలల తరబడి డబ్బు రాకపోవడం, కొనుగోలుదారు కొట్టు మూసివేసి మాయమవడం అక్కడ కొత్త కాదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులలోగా బాకీ చెల్లించని కొనుగోలుదారుకు ఆ ఏడాది ఖర్చు మినహాయింపు ఇవ్వరాదని 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన ఈ జాడ్యాన్ని ఉద్దేశించినదే. తుపాకి ఎంత పొట్టిదైనా, ఎంత పొడుగుదైనా మొండి బాకీని వసూలు చేయలేదు.

రొక్కం భయానికి మందు రొక్కాన్ని తగ్గించడంలోనే ఉన్నది. చెల్లింపులను యూపీఐ ద్వారా స్వీకరించడం, మిగిలినది చీకటి పడకముందే బ్యాంకులో జమచేయడం, దారిలో ఉన్న సొమ్ముకు బీమా తీసుకోవడం, నాలుగు దుకాణాలవారు కలిసి ఒక కాపలాదారును పెట్టుకోవడం, ఇవన్నీ కలిపినా లక్షకు పైబడే ఆయుధం కంటె చవక. వీటిలో ఏ ఒక్కదానికీ హోం శాఖ అనుమతి అక్కరలేదు. మగ్గం మీద ఒక్కొక్క పోగు చేర్చి కూడబెట్టిన సొమ్మును ముచ్చట తీర్చే ఇనుప గొట్టం మీద వెచ్చించే ముందు, ఆ వ్యాపారి ఒక్కసారి ఇంట్లోవారితో కూర్చుని ఈ లెక్కలు వేసుకోవడం మంచిది.